కారన్‌వాలీసు ఓడిన ఊరికి నాన్నతో నాలుగు రోజులు

మా నాన్న రెవెన్యూలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి ఆర్‌ఐగా రిటైరయ్యారు. మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చిన రెండో రోజే, ఇంకా జెట్‌లాగ్ కూడా తీరలేదు, తెల్లవారుజామున నాలుగింటికి కాఫీ తాగుతూ "ఒరే, కారన్‌వాలీసు లొంగిపోయిన ఊరు ఇక్కడికెంత దూరం?" అని అడిగారు. నయాగరా అడుగుతారనుకున్నాను, లేదంటే పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి. ఇక్కడికొచ్చి పదకొండేళ్లయినా, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆ బ్రిటిష్ జనరల్ లొంగిపోయిన యార్క్‌టౌన్ ఎక్కడుందో మ్యాప్ తీస్తే గానీ నాకు తెలీలేదు.

మనకి హైస్కూల్లో కారన్‌వాలీస్ అంటే శాశ్వత శిస్తు, 1793, రెండు మార్కుల ప్రశ్న. నాన్నకి అలా కాదు. బెంగాల్లో మొదలుపెట్టిన ఆ పద్ధతినే 1802 నుంచి ఉత్తర సర్కారుల్లోకీ తెచ్చారు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి జమీందారీలు కంపెనీకి ఏటా ఇంత పేష్కష్ (కప్పం) అని ఖాయం చేసుకుని రైతుల మీద పడ్డాయి, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా అదే నడిచింది. చట్టం వచ్చాక కూడా ఆ ఎస్టేటు గ్రామాల్లో ఇది ఇనామా (దానంగా ఇచ్చిన భూమి), జిరాయితీయా (రైతు సాగుభూమి), బంజరా అన్న తగువులు తరాల తరబడి తెగలేదు. "నా సర్వీసులో సగం ఆ మహానుభావుడు వేసిన ముడులు విప్పడానికే సరిపోయింది, ఆయన ఓడిన చోటు ఒక్కసారి చూడాలి" అంటారు నాన్న.

నవంబరు మొదట్లో న్యూజెర్సీ స్కూళ్లకి టీచర్ల కన్వెన్షన్ అని గురు, శుక్రవారాలు సెలవిస్తారు. దానికి వీకెండ్ కలిపితే నాలుగు రోజులు. ఐదో క్లాసు చదివే మా చిన్నికి హామిల్టన్ (ఈ యుద్ధంలో పోరాడినవాడి మీద వచ్చిన మ్యూజికల్) పిచ్చి కాబట్టి తనని ఒప్పించక్కర్లేకపోయింది. మా ఆవిడ ఆఫీసులో రిలీజ్ ఉందని రాలేదు గానీ పులిహోర, చపాతీలు, పెరుగు డబ్బాలు కూలర్‌లో సర్ది ఇచ్చింది. కార్తీకమాసం, నాన్న ఉల్లి, వెల్లుల్లి ముట్టరు.

మొదటి రోజు, గురువారం: మౌంట్ వెర్నన్

ఆరింటికి కారు తీస్తుంటే నాన్న జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి మీటర్ రీడింగ్ రాసుకున్నారు. ఎందుకు నాన్నా అంటే "లాగ్‌బుక్ రాయకుండా మా జీపు ఏనాడైనా కదిలిందా" అన్నారు.

మేం వెళ్లిన దారికి ఒక కథ ఉంది. 1781 ఆగస్టులో జార్జ్ వాషింగ్టన్, ఫ్రెంచి జనరల్ రోషాంబో కలిసి న్యూయార్క్ పక్క నుంచి వర్జీనియాకి సైన్యాన్ని నడిపించింది ఇంచుమించు ఇటుగానే, ప్రిన్స్‌టన్, ట్రెంటన్ మీదుగా. న్యూయార్క్‌లో కూర్చున్న బ్రిటిష్ జనరల్ క్లింటన్‌కి అనుమానం రాకుండా, మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఛాటమ్‌లో రొట్టెలు కాల్చే పెద్ద పొయ్యిలు కట్టించారు. పొయ్యిలు కట్టారంటే సైన్యం ఇక్కడే ఉంటుంది, దాడి న్యూయార్క్ మీదే అనుకుంటాడని. అనుకున్నాడు కూడా. ఛాటమ్‌లో మా టీమ్ లంచ్‌కి ఎన్నిసార్లు వెళ్లానో, ఈ సంగతి మాత్రం ఈ ట్రిప్‌కి చదువుకుంటుంటేనే తెలిసింది.

పదకొండింటికి మౌంట్ వెర్నన్ చేరాం. వాషింగ్టన్ సొంత ఇల్లు, పొటోమాక్ నది ఒడ్డున. దూరం నుంచి చూస్తే రాతి కట్టడంలా ఉంటుంది, దగ్గరికెళితే చెక్క. పలకల్ని రాతి దిమ్మెల్లా అంచులు చెక్కి, పెయింట్ తడిగా ఉండగానే ఇసుక చల్లారు. నాన్న వేలితో గీకబోతే గైడ్ నవ్వుతూనే వద్దంది. హాల్లో గోడకి పెద్ద తాళంచెవి వేలాడుతోంది. పారిస్‌లో జనం పడగొట్టిన బాస్టిల్ జైలుది, వాషింగ్టన్ కింద పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ 1790లో తన గురువుగారికి పంపించాడు. 

నాన్నకి అన్నిటికన్నా నచ్చింది మ్యూజియంలో ఉన్న పంతొమ్మిదేళ్ల వాషింగ్టన్ బొమ్మ. ఈయన అసలు వృత్తి భూమి కొలవడమని, పదిహేడో ఏటే కల్‌పెపర్ కౌంటీకి సర్వేయర్‌గా వేశారని రాసి ఉంటే నాన్న మొహం వెలిగిపోయింది. "మన డిపార్టుమెంటే!" ఇక అక్కడే నిలబడి చిన్నికి గుంటర్ గొలుసు పాఠం మొదలైంది. గొలుసుకి వంద లింకులు, పొడవు అరవై ఆరు అడుగులు, ఒక గొలుసు వెడల్పు పది గొలుసుల పొడవు అయితే ఎకరం, దాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కోటీ సెంటు. ఇంగ్లీషువాడు ఇక్కడికీ మన దగ్గరికీ అదే గొలుసు పట్టుకొచ్చాడు. నేలమీద గొలుసు లాగుతున్నప్పుడు ముందు నడిచేవాడు ఎలా వంగుతాడో, గుచ్చిన పుల్లల్ని వెనకవాడు ఎలా ఏరుకొస్తాడో మ్యూజియం మధ్యలో నాన్న వంగి చూపిస్తుంటే ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. చిన్ని సిగ్గుతో చచ్చిపోయింది.

చనిపోయేనాటికి వాషింగ్టన్‌కి ఇక్కడ దాదాపు 8 వేల ఎకరాలు, ఐదు కమతాలు. 1799 లెక్కలో బానిసలు 317 మంది. అందులో 123 మంది ఆయన సొంతం, మిగతావాళ్లలో ఎక్కువమంది భార్య మార్తా మొదటి భర్త ఆస్తి తాలూకు. తన వాళ్లని మార్తా పోయాక విడిచిపెట్టమని విల్లు రాస్తే, ఆవిడ అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న వదిలేసింది. మిగతావాళ్లని వదిలే హక్కు ఇద్దరికీ లేదు, మనవలకి పంచేశారు. ఒకే పొలంలో పనిచేస్తున్న భార్యాభర్తల్లో ఒకరికి స్వేచ్ఛ, ఒకరికి లేదు. "ఆస్తి పంపకం" అన్నారు నాన్న, ఆ మాట నోట్లో చేదుగా తగిలినట్టు. వాషింగ్టన్ పళ్లసెట్టు కూడా చూశాం, అందరూ అనుకునేట్టు చెక్కది కాదు, దంతమూ, జంతువుల పళ్లూ, మనుషుల పళ్లూ కలిపి కట్టింది. చిన్ని ఆ తర్వాత గంటసేపు ఏమీ తినలేదు.

ఇంకో సంగతి. ఈ ఇల్లు ప్రభుత్వానిది కాదు. పాడుబడిపోతుంటే కాంగ్రెస్సూ, వర్జీనియా రాష్ట్రమూ కొనం అంటే, ఆన్ పమేలా కనింగ్‌హామ్ అనే ఆవిడ ఆడవాళ్లని పోగుచేసి చందాలెత్తి 1858లో కొనేసింది. ఇప్పటికీ ఆ సంఘమే నడుపుతోంది.

సాయంత్రం ఐ-95 మీద ట్రాఫిక్ గురించి రాయను. విలియమ్స్‌బర్గ్‌లో హోటల్‌కి వెళ్లేసరికి రాత్రి తొమ్మిదిన్నర, మా బుకింగ్ వాళ్ల కంప్యూటర్‌లో లేదు, నా ఫోన్‌లో ఉంది. ముప్పావుగంట వాదించాక రూమిచ్చారు, హీటర్ రాత్రంతా ట్రాక్టర్‌లా మోగింది.

రెండో రోజు, శుక్రవారం: విలియమ్స్‌బర్గ్

ఇది 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి పోయాక ఊరు నిద్రపోయింది. 1926లో గుడ్విన్ అనే చర్చి ఫాదర్ మాట మీద కోటీశ్వరుడు చిన్న రాక్‌ఫెల్లర్ డబ్బు గుమ్మరించి పాత ఊరిని మళ్లీ నిలబెట్టాడు. గవర్నర్ భవనం, చట్టసభ రెండూ పాత పునాదుల మీద కొత్తగా కట్టినవే. ముందు నాకు కాస్త సినిమా సెట్టింగ్‌లా అనిపించింది, అంత శుభ్రంగా 18వ శతాబ్దం ఉండి ఉండదు. కానీ కమ్మరి కొట్లో నిలబడ్డాక ఆ అనుమానం పోయింది. ఒకతను నిజంగానే కొలిమి ఊదుతూ మేకులు కొడుతున్నాడు, ఎర్రటి ఊచ చివర సమ్మెటతో నాలుగు దెబ్బలు, మెడ దగ్గర విరిచి తలమీద రెండు దెబ్బలు, మేకు తయారు. నాన్న మా ఊరి కమ్మరిని తలుచుకుని అక్కడే అరగంట ఉండిపోయారు.

బట్టల కొట్లో పొడుగు గౌను వేసుకున్న ఆవిడ పూల అద్దకం గుడ్డ చూపించి, ఇలాంటి ఛింట్జ్ ఇండియా నుంచి వచ్చేది, ఎంత ఉతికినా రంగు పోదని జనం ఎగబడేవాళ్లు అంది. ఏ ఊళ్లో చేసేవాళ్లండీ అంటే తూర్పు తీరం, కోరమాండల్ అంది. "బందరు కలంకారీ" అని నాన్న నాకేసి తిరిగి తెలుగులో అన్నారు. ఆవిడకి నేను మచిలీపట్నం అని స్పెల్లింగ్ చెప్పాను, రాసుకుంది.

వీధి చివర విలియమ్ అండ్ మేరీ కాలేజీ. 1693లో పెట్టారు, జెఫర్‌సన్ చదివింది ఇక్కడే. రెన్ బిల్డింగ్ ముందు ఫొటోలు దిగాం. తుపాకీ మందు దాచే ఎనిమిది మూలల ఇటుక కట్టడం కూడా చూశాం. 1775 ఏప్రిల్‌లో గవర్నర్ డన్‌మోర్ రాత్రికి రాత్రి అందులోని మందు ఓడకెక్కించేశాడు, వర్జీనియా అట్టుడికిపోయింది. అదే డన్‌మోర్ ఆ నవంబరులో, తిరుగుబాటుదారుల బానిసలు పారిపోయి వచ్చి మా తరపున పోరాడితే విడుదల చేస్తామని ప్రకటించాడు. స్వేచ్ఛ కోసం యుద్ధం అంటున్న యజమానులు దానికి ఎంత మండిపడ్డారో ఇక్కడి బోర్డులు దాపరికం లేకుండానే రాశాయి.

భోజనానికి ఒక పాతకాలపు ట్యావర్న్‌కి వెళితే వేరుశెనగ సూప్ ఫేమస్ అన్నారు. మెనూ పట్టుకొచ్చిన అబ్బాయిని ఉల్లిపాయ ఉందా అని అడిగితే ఉందన్నాడు. నాన్న రొట్టె, వెన్న తిని కూలర్‌లో పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. బయటికొచ్చాక మాత్రం వర్జీనియా వేరుశెనగ గింజల డబ్బా ఒకటి కొనిపించుకుని, మన గింజల కన్నా లావుగా ఉన్నాయి గానీ ఆ రుచి లేదని తీర్పు చెప్పి, నాలుగు రోజుల్లో ఒక్కరే ఖాళీ చేశారు.

మూడో రోజు, శనివారం: యార్క్‌టౌన్

విలియమ్స్‌బర్గ్ నుంచి ఇరవై నిమిషాలు. ఎండగా ఉంది, చలిగా ఉంది. విజిటర్ సెంటర్ వెనకే బ్రిటిష్ మట్టికట్టలు, ఇప్పుడు గడ్డి మొలిచి పచ్చగా ఉన్నాయి. నాన్న షూస్ లేసులు బిగించుకుని, లాగ్‌బుక్‌లో టైమ్ రాసుకుని దిగారు.

కారన్‌వాలీస్ ఇక్కడికి 1781 ఆగస్టులో వచ్చాడు. లోతైన నది, ఓడలు ఆగడానికి అనుకూలం, న్యూయార్క్ నుంచి సరుకూ సైన్యమూ వస్తాయి. ఆలోచన తప్పేం కాదు, సముద్రం తన చేతిలో ఉన్నంతవరకూ. సెప్టెంబరు 5న ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ 24 యుద్ధనౌకలతో చీసపీక్ అఖాతం నోటి దగ్గర 19 బ్రిటిష్ నౌకల్ని అడ్డుకున్నాడు. రెండున్నర గంటల ఫిరంగుల పోరు, ఒక్క ఓడ కూడా అక్కడికక్కడ మునగలేదు, కానీ బ్రిటిష్ నావికాదళం వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నా లెక్కలో యార్క్‌టౌన్ ఆ రోజే పడిపోయింది, మిగతాది గొయ్యి తవ్వడమే.

నిజంగానే తవ్వారు. అక్టోబరు 6 రాత్రి చినుకుల్లో, చప్పుడు కాకుండా, బ్రిటిష్ కట్టలకి సమాంతరంగా పొడవాటి కందకం. 9న ఫిరంగులు మొదలు. 11న ఇంకా దగ్గరగా రెండో కందకం, కానీ నదివైపు రెండు చిన్న మట్టికోటలు, 9వ నంబరు, 10వ నంబరు, దానికి అడ్డం. 14 రాత్రి తొమ్మిదోదాన్ని ఫ్రెంచివాళ్లు, పదోదాన్ని హామిల్టన్ నాయకత్వంలో నాలుగువందల మంది అమెరికన్లు పట్టుకున్నారు. తుపాకుల్లో మందు లేదు. ఒక్కటి పొరపాటున పేలినా అందరూ దొరికిపోతారని ఉత్త బాయ్‌నెట్లతో పరిగెత్తారు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ పదో కోట ముందు చిన్ని నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఇప్పుడున్నది మళ్లీ కట్టిందే. చుట్టూ కందకం, కట్ట మధ్యలోంచి మొన చెక్కిన దుంగలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఒక్కోటీ నా భుజం ఎత్తులో. చీకట్లో వాటిని గొడ్డళ్లతో నరుక్కుంటూ ఎక్కారంటే కట్ట కింద నిలబడి తలెత్తి చూస్తే గానీ అర్థం కాదు. "ఇంత చిన్నదా?" అంది చిన్ని, నిజమే, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ అంత కూడా లేదు. ఎక్కబోతే కట్టల మీద నడవకూడదని బోర్డు, తాతయ్య చెయ్యి పట్టుకుని లాగేశారు.

16 రాత్రి కారన్‌వాలీస్ సైన్యాన్ని పడవల్లో నది దాటించాలని చూశాడు, కొంతమంది దాటాక గాలివాన వచ్చి పడవలు చెల్లాచెదురయ్యాయి. 17 పొద్దున కట్ట మీదికి ఒక డ్రమ్ము కొట్టే కుర్రాడు, వాడి వెంట తెల్ల రుమాలు ఊపుతూ ఒక ఆఫీసరు. షరతులు రాసుకున్న మూర్ గారి ఇల్లు చూశాం, తాళం వేసుంది, కిటికీల్లోంచి తొంగి చూశాం. అమెరికన్ల తరపున కూర్చున్న జాన్ లారెన్స్ తండ్రి హెన్రీ అప్పుడు లండన్ టవర్లో ఖైదీ. ఆ టవర్‌కి కాన్‌స్టేబుల్ (పోలీసు కాదు, కోట అధిపతి) పదవిలో ఉన్నది ఎవరయ్యా అంటే కారన్‌వాలీసే! తర్వాత ఆ తండ్రికీ ఈయనకీ ఖైదీల మార్పిడి జరిగింది.

ఎర్ర బాణాల వెంట కారు పోనిస్తే చివరికి లొంగుబాటు మైదానం. మైదానం అంటే మైదానమే, గడ్డి, చుట్టూ రంగు మారిన చెట్లు, కొన్ని ఫిరంగులు. 1781 అక్టోబరు 19న దారికి ఒకవైపు ఫ్రెంచివాళ్లు, ఇంకోవైపు అమెరికన్లు బారులు తీరితే మధ్యలోంచి ఏడువేల పైచిలుకు మంది జెండాలు చుట్టేసుకుని నడిచొచ్చి ఆయుధాలు పడేశారు. జెండాలు చుట్టడం కూడా లెక్క ప్రకారమే, అంతకుముందు ఏడు చార్లెస్టన్‌లో అమెరికన్లు ఓడినప్పుడు బ్రిటిష్‌వాళ్లు అలాగే చేయించారు.

నాన్న మైదానం అంతా కలియజూసి "మరి ఆయనెక్కడ నిలబడ్డాడు?" అని అడిగారు. నేను చెప్పడానికే భయపడ్డాను. రాలేదు నాన్నా, ఒంట్లో బాలేదని ఓ'హారా అనే కింది జనరల్‌ని పంపించాడు. ఆ ఓ'హారా కత్తి తీసుకెళ్లి రోషాంబోకి ఇవ్వబోతే ఆయన వాషింగ్టన్‌ని చూపించాడు, వాషింగ్టన్ తన కింది జనరల్ లింకన్‌ని చూపించాడు, చార్లెస్టన్‌లో లొంగిపోయిన ఆయనే.

నాన్న కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పడీపడీ నవ్వారు. "సిక్ లీవు పెట్టాడురా! పదివేల మైళ్లొస్తే సిక్ లీవు!"

ఆ నవ్వు తగ్గాక బెంచీ మీద కూర్చుని చిన్నికి మిగతా కథ ఆయనే చెప్పారు. ఇంత పోగొట్టుకుని ఇంటికెళ్లినవాణ్ణి ఐదేళ్లలో 1786లో గవర్నర్ జనరల్ చేసి మన మీదికి పంపారు. 1792లో టిప్పు సుల్తాన్‌ని ఓడించి సగం రాజ్యం, ఇద్దరు కొడుకుల్ని తాకట్టుగా తీసుకున్నాడు. అందులో కడప వైపు నేల నిజాం వాటాకి వచ్చింది, 1800లో నిజాం దాన్ని కూడా ఇంగ్లీషువాళ్లకే రాసిచ్చాడు, అవే దత్తమండలాలు. మద్రాసు కోట మ్యూజియంలో నిలువెత్తు విగ్రహం ఉంది, డిపార్టుమెంటు పనిమీద వెళ్లినప్పుడు నాన్న చూశారట, దాని కింద టిప్పు పిల్లల్ని అప్పగించే బొమ్మ చెక్కి ఉంటుంది. చివరికి 1805లో గాజీపూర్‌లో పోయాడు, సమాధి అక్కడే. 

"అంటే ఇక్కడ గెలిస్తే ఇండియా వచ్చేవాడు కాదా?" అంది చిన్ని. ఏమో, ఇంకెవరో వచ్చేవారు అన్నారు తాతయ్య. ఫ్రెంచివాళ్ల గురించి కూడా ఆయనకో లెక్క ఉంది. 1758లో మన గోదావరి వైపు చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ల చేతిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయి సర్కారు జిల్లాలు వదులుకున్నారు, ఆ బాకీ ఇక్కడ తీర్చుకున్నారట. ఏ చరిత్రకారుడూ ఒప్పుకోడు గానీ కార్తీక మధ్యాహ్నం ఎండలో వింటే బాగానే ఉంది.

రేంజరు చెప్పిన జేమ్స్ కథ రాయకపోతే తప్పు. జేమ్స్ బానిస. యజమాని అనుమతితో లఫాయెట్ దగ్గర చేరి, బ్రిటిష్ శిబిరంలో పనివాడిగా దూరి, కారన్‌వాలీస్ కబుర్లు మోశాడు. సైనికులుగా పనిచేసిన బానిసలకి విడుదల ఇస్తూ వర్జీనియా 1783లో చట్టం చేసింది, గూఢచారి సైనికుడు కాదు కాబట్టి అది ఈయనకి వర్తించలేదు. లఫాయెట్ సర్టిఫికెట్ రాసిచ్చినా 1787 దాకా ఆగాల్సొచ్చింది. "రూల్లో లేదు అన్నారన్నమాట" అన్నారు నాన్న మెల్లగా. ఆ మాట ఆయన ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పి ఉంటారో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇక బ్రిటిష్‌వాళ్లని నమ్మి వచ్చిన వందలమంది నల్లవాళ్లని, మశూచి, తిండి కరువు వచ్చేసరికి కారన్‌వాలీస్ సైన్యమే బయటికి తోసేసింది, అడవుల్లో చచ్చిపోయారు. విజయస్తంభం చాలా ఎత్తుగా ఉంది, వాళ్ల గురించి దాని మీద ఏమీ లేదు.

నాలుగో రోజు, ఆదివారం: జేమ్స్‌టౌన్, అన్నాపొలిస్

జేమ్స్‌టౌన్ వర్షంలో గంటలో చుట్టేశాం. 1607లో వర్జీనియా కంపెనీ దించిన, అమెరికాలో నిలదొక్కుకున్న మొదటి ఇంగ్లీషు ఊరు, ఇటుక చర్చి గోపురం మిగిలింది. "ఇదీ కంపెనీయేనా?" అని మాత్రం నాన్న ఆశ్చర్యపోయారు.

అన్నాపొలిస్ చేరేసరికి రెండు దాటింది. మేరీల్యాండ్ స్టేట్ హౌస్‌లో ఐడీలు చూపించి లోపలికెళితే పాత సెనేట్ గది. 1783 డిసెంబరు 23న వాషింగ్టన్ ఇక్కడే కాంగ్రెస్ ముందు నిలబడి సర్వసేనాని పదవి తిరిగిచ్చేసి, మర్నాడు క్రిస్మస్‌కి ముందు ఇల్లు చేరుకున్నాడు. ఆయన నిలబడిన చోట కంచు విగ్రహం పెట్టారు, మనిషి ఎత్తే, పీఠం లేదు, పక్కన నిలబడొచ్చు. పైన గ్యాలరీలో ఒక ఆడమనిషి విగ్రహం, ఆడవాళ్లకి కింద చోటు లేదు కాబట్టి అక్కడి నుంచే చూశారు. ఆయన చేత్తో రాసుకున్న ఉపన్యాసం కాగితం బయట అద్దాల పెట్టెలో ఉంది, కొట్టివేతలతో సహా.

గెలిచిన సైన్యం చేతిలో ఉన్నవాడు అలా వదిలేసి పోవడం గురించి నేనేదో చెప్పబోతుంటే నాన్న అడ్డొచ్చారు. "ఎనిమిదేళ్లు చేశాడు కదా, జీతమెంత?"

తీసుకోలేదు నాన్నా, జీతం వద్దు, ఖర్చులిస్తే చాలన్నాడు. లెక్కంతా స్వయంగా రాసి అప్పజెప్పాడు.

"టీఏ బిల్లు!" అని నాన్న ఆ కంచు మనిషి భుజం మీద చెయ్యి వేయబోయి, గార్డు చూస్తున్నాడని ఆగిపోయారు.

ఎడిసన్‌లో గ్యారేజీలోకి కారు ఎక్కిస్తుంటే పదిన్నర. చిన్ని నిద్రపోయింది. నాన్న ఇంజను ఆపనివ్వకుండా కళ్లజోడు పెట్టుకుని ముందుకి వంగి రీడింగ్ రాసుకున్నారు, మొత్తం 774 మైళ్లు. తర్వాత నా వైపు తిరిగి "హోటల్ రశీదులున్నాయా?" అన్నారు.